బండలాగుడు పందేల నుంచి టీవీ కామెంటరీ దాకా: నా అనుభవం

నాకు మైక్ పట్టుకోవడం నేర్పింది సంక్రాంతికి మా గుంటూరు జిల్లా పల్లెల్లో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు. ఆ తర్వాత ఆకాశవాణిలో ఆటల విశేషాలు చదివాను, రేడియోకి కామెంటరీ చెప్పాను, లోకల్ కేబుల్ ఛానల్లో జిల్లా టోర్నమెంట్లు చెప్పాను, కొన్నాళ్ళకు హెడ్‌ఫోన్ పెట్టుకుని శాటిలైట్ ఛానల్లో కబడ్డీ కూడా చెప్పాను. చోటు మారిన ప్రతిసారీ మాట్లాడే పద్ధతిని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. బయటినుంచి చూస్తే అంతా ఒకే పనిలా కనిపిస్తుంది గానీ, దిగితే ఎంత తేడా ఉందో తెలుస్తుంది. ఇప్పుడు ఫోన్లో లైవ్ పెట్టి ఊరి టోర్నమెంట్లకు కామెంటరీ చెబుతున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బండలాగుడు చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఎడ్లను పళ్ళను బట్టి విభాగాలుగా చేస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్స్, సీనియర్స్. విభాగం పెద్దదయ్యేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన టైములో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, అక్కడ తిప్పుకుని మళ్ళీ రావాలి. ఆ తిప్పే దగ్గరే పందెం గెలవడమో ఓడడమో తేలిపోతుంది. మైక్ దగ్గర కూర్చున్నవాడు రైతు పేరు, ఊరు, మండలం, ఎన్నో రౌండు, ఎంత టైము మిగిలింది, ఇప్పటిదాకా ముందున్న జత ఎన్ని అడుగులు లాగింది, వీళ్ళకి ఇంకా ఎన్ని అడుగులు కావాలి, ఇవన్నీ చెబుతూ ఉండాలి. జనం నాలుగు వైపులా మూగి ఉంటారు. వెనక వరసలో ఉన్నవాడికి ఎడ్ల మూపురాలు, చెర్నాకోల కొస తప్ప ఏమీ కనబడవు. మైక్ ఉన్నది వాడి కోసమే.

మా ఊరికి ఏటా మైక్ చెప్పడానికి ఒక పెద్దాయన వచ్చేవారు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన పక్కన కూర్చుని అడుగుల లెక్క రాసిపెట్టడం నా పని. పోటీ మొదలయ్యే ముందు ఆయన ఎడ్లు కట్టేసిన దగ్గరికి వెళ్ళి, ఒక్కో రైతు దగ్గరా నిలబడి పేరు అడిగి, తిరిగి రెండుసార్లు పలికి చూసుకునేవారు. నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. "ఒరేయ్ అబ్బాయ్, ఎడ్లు ఓడిపోతే రైతు రెండు రోజుల్లో మర్చిపోతాడు. మైకులో పేరు తప్పు పలికావనుకో, ఏడాదంతా గుర్తుపెట్టుకుంటాడు" అనేవారు. ఆయన కాఫీకి లేచినప్పుడు మైక్ నా చేతికి వచ్చేది. కొన్నేళ్ళకు ఆయన లేచినా లేవకపోయినా సగం జతలు నావే అయ్యాయి. పేరు, ఊరు సరిగ్గా పలకాలన్న ఆ పట్టింపు తర్వాత నేను చెప్పిన ప్రతి ఆటలోనూ నాతోనే ఉంది.

రేడియో పిచ్చి అంతకుముందే పట్టింది. అప్పట్లో ఆకాశవాణి క్రికెట్ కామెంటరీ కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో వచ్చేది. మా ఊరి టీ కొట్టులో హిందీ సగం అర్థమయ్యేది, ఇంగ్లీషు అసలు అర్థమయ్యేది కాదు. అయినా ఎవరూ లేచేవాళ్ళు కాదు. 1987 ప్రపంచ కప్‌లో (అప్పుడు రిలయన్స్ కప్ అనేవాళ్ళు) నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద చేతన్ శర్మ హ్యాట్రిక్ తీశాడు. రూథర్‌ఫర్డ్, స్మిత్, చాట్‌ఫీల్డ్, ముగ్గురూ బౌల్డే. ఆ మూడో వికెట్ పడ్డప్పుడు గొంతు ఎంత పైకి లేచిందో, ఆ తర్వాత జనం హోరు వినబడేందుకు చెప్పేవాళ్ళు ఎంతసేపు ఆగారో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. భాష రాకపోయినా బంతి ఎటు పోయిందో తెలుస్తోంది కదా, ఇదేదో గొప్ప విద్య అనిపించింది.

డిగ్రీ అయ్యాక బీపీఈడీ చేసి తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాను. ఈ ఉద్యోగం నా కామెంటరీకి చేసిన మేలు ఇంతా అంతా కాదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్, అన్నింటి రూల్సూ పిల్లలకు నేర్పాలి, మండల స్థాయి పోటీల్లో రిఫరీగా నిలబడాలి. విజిల్ వేసినవాడికి ఆట లోపలినుంచి తెలుస్తుంది. నాకు తెలిసిన మంచి కామెంటేటర్లలో చాలామంది అయితే ఆడినవాళ్ళు, లేకపోతే విజిల్ వేసినవాళ్ళు.

స్కూల్లో ఉండగానే ఆకాశవాణి విజయవాడ కేంద్రం క్యాజువల్ అనౌన్సర్ల కోసం ఇచ్చిన ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. 1948 డిసెంబర్ 1న మొదలైన కేంద్రం అది. మా ఇంట్లో మూడు తరాలు ఉదయం 6:45కి ప్రాంతీయ వార్తలతోనే రోజు మొదలుపెట్టాయి. అలాంటి చోట గొంతు వినిపించాలంటే ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పక్కర్లేదు. ముందు రాత పరీక్ష పెట్టారు. భాష, సాహిత్యం, సంగీతం, వర్తమాన విషయాలు అన్నీ అడిగారు. అది దాటినవాళ్ళకు వాయిస్ టెస్ట్. గాజు అద్దానికి అవతల పెద్దలు కూర్చుంటారు, ఇవతల మనం, మన ముందు మైక్, ఒక కాగితం. వార్త చదవమంటారు, సినిమా పాటకు అనౌన్స్‌మెంట్ చెప్పమంటారు, ఒత్తులు నిండిన పేరా ఒకటి ఇస్తారు. శ, ష, స తేడా తెలియాలి. ణ పలకాల్సిన చోట న పలికితే అద్దం అవతల పెన్ను కదులుతుంది.

ఆఖర్లో ఒక అధికారి స్పీకర్లోంచి, "మీరు పీఈటీ కదా మాస్టారూ, ఏదైనా ఆట జరుగుతున్నట్టు ఊహించుకుని కాసేపు చెప్పండి" అన్నారు. నేను బండలాగుడు చెప్పాను. బండ కదిలే చప్పుడు, కాడి కింద ఎడ్ల మెడలు వంగడం, చెర్నాకోల గాలిలో తిరగడం, ఎన్ని అడుగులు, ఎంత టైము. సెలక్ట్ అయ్యాను.

క్యాజువల్ అంటే నెలకు ఆరు డ్యూటీలు. జీతం ఉండదు, డ్యూటీకి ఇంతని ఫీజు ఇస్తారు. పాటలకు అనౌన్స్‌మెంట్లు, ఏది ఎప్పుడు వేయాలో రాసి ఉన్న క్యూషీట్ ప్రకారం టేపులు వేయడం, టైము చెప్పడం, ఇదీ రోజువారీ పని. ఆ పని గొంతుకు ఒక క్రమశిక్షణ నేర్పింది. మైకుకు జానెడు దూరంలో ఉండాలి. ప, ఫ, భ లాంటి అక్షరాలు పలికేటప్పుడు మూతి కొంచెం పక్కకు తిప్పాలి, లేకపోతే గాలి మైకులో టపటపా కొడుతుంది. స్క్రిప్టు కాగితాలకు పిన్ను కొట్టకూడదు. చదివిన కాగితాన్ని తిప్పకుండా మెల్లగా పక్కకు జరపాలి. కాగితం చప్పుడు రేడియోలో మనిషి దగ్గు కంటే పెద్దగా వినిపిస్తుంది. ఇవన్నీ చిన్నచిన్న విషయాలే అనిపిస్తాయి. నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడాల్సి వచ్చినప్పుడు నన్ను కాపాడింది ఇవే.

ఆటల ప్రసంగాలు రాయడం అక్కడే మొదలైంది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ, మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి వూసవానిపేట అమ్మాయి. దాని మీద కొద్ది నిమిషాల ప్రసంగం రాసే పని నాకు వచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్ గురించి అప్పటిదాకా వినని శ్రోతకు ఎలా చెప్పాలి? స్నాచ్ అంటే నేల మీది బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం. క్లీన్ అండ్ జర్క్ అంటే ముందు భుజాల మీదికి, అక్కడినుంచి పైకి. స్నాచ్‌లో 110, జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. అంకెలు చెబితే రేడియోలో చెవినుంచి జారిపోతాయి. అందుకని, "రెండు ధాన్యం బస్తాలకు ఇరవై కిలోలే తక్కువ, అంత బరువును తలపైకి ఎత్తి నిలబడింది" అని రాశాను. డెబ్భై అయిదు కిలోల బస్తా మోసినవాడికి ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు వెళ్ళింది. అది నిలిచి ఉంటే బంగారమే. నిలవలేదు. ఎందుకు అంత పెంచిందని అప్పుడు చాలామంది విమర్శించారు. బంగారానికి ప్రయత్నించే హక్కు ఆమెకు ఉందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇంకో ప్రసంగం కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద చేశాను. హైదరాబాద్ మనిషి. ఆయన శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. ఆ మరుసటి ఏడే ఆయన చనిపోయారు. ఇది ప్రసారమయ్యాక ఉత్తరాలు వచ్చాయి. మా పక్క జిల్లాల్లో ఫుట్‌బాల్ ఆడిన ముసలివాళ్ళు, ఆ పేరు రేడియోలో విని ఎన్నేళ్ళయిందో అని రాశారు. క్రికెట్ ఒక్కటే చెప్పుకుంటూ పోతే ఇలాంటి ఉత్తరాలు రావు. లోకల్ వ్యాఖ్యాత అన్నవాడు అన్ని ఆటలకూ మనిషి కావాలని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

ఇక అసలు కామెంటరీ. రేడియోకి కబడ్డీ చెప్పడం నా లెక్కలో అన్నింటికంటే కష్టమైన పనుల్లో ఒకటి. ఒక్కో కూతకు ముప్ఫై సెకన్లే. ఆ ముప్ఫై సెకన్లలో ఏడుగురు డిఫెండర్లు కదులుతూ ఉంటారు, కూతకు వెళ్ళినవాడి చెయ్యి, కాలు, చూపు మూడు దిక్కుల్లో ఉంటాయి. వినేవాడికి కోర్టు కనబడదు. దీనికి నాకు దారి చూపింది ఒక పాత కథ. 1927 జనవరి 22న బీబీసీ మొదటిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కామెంటరీ ఇచ్చింది, ఆర్సెనల్‌కీ షెఫీల్డ్ యునైటెడ్‌కీ మధ్య. చెప్పింది వేక్‌లమ్ అనే ఆయన. మైదానాన్ని ఎనిమిది గడులుగా గీసి, అంకెలు వేసి, ఆ బొమ్మను ముందే రేడియో పత్రికలో అచ్చేశారు. బంతి ఏ గడిలో ఉందో పక్కనుంచి ఇంకొకరు అంకె చెబుతూ ఉంటారు. శ్రోతలు ఇంట్లో బొమ్మ ముందు పెట్టుకుని వినేవాళ్ళు.

మన శ్రోతకు బొమ్మ ఇవ్వలేం కదా. అందుకని ప్రసారం మొదట్లోనే మాటలతో కోర్టు గీసేవాణ్ణి. పొడవు పదమూడు మీటర్లు, వెడల్పు పది, మధ్యలో గీత, అక్కడినుంచి ఒక్కో వైపు 3.75 మీటర్ల దగ్గర కూతకు వెళ్ళినవాడు దాటాల్సిన బాక్ లైన్, దాని వెనక మీటరు దూరంలో బోనస్ లైన్. ఎడమ, కుడి అన్నప్పుడు ఎవరి ఎడమ అన్న గొడవ వస్తుంది. డిఫెండర్లు తమ ఎడమను బట్టి కార్నర్ పేరు చెబుతారు, కూతకు వచ్చినవాడికి అదే కుడి. నేను శ్రోతను నా పక్కనే కూర్చోబెట్టుకున్నట్టు చెప్పేవాణ్ణి. "మనం కూర్చున్న వైపు కార్నర్, అవతలి వైపు కార్నర్" అనేవాణ్ణి. మ్యాచ్ అయ్యేదాకా అదే మాట. హాఫ్ టైములో జట్లు వైపులు మారినప్పుడు మాత్రం ఆ సంగతి రెండు మూడు సార్లు గుర్తుచేయాలి.

స్కోరు సంగతి వేరే చెప్పాలి. అమెరికాలో రెడ్ బార్బర్ అనే బేస్‌బాల్ వ్యాఖ్యాత బల్ల మీద మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవాడట. ఇసుక అయిపోయిందంటే స్కోరు చెప్పి మళ్ళీ తిప్పేవాడు. ఎందుకంటే రేడియో వినేవాడు మొదటినుంచీ వినడు. పొలంనుంచి వస్తాడు, షాపు కట్టేసి వస్తాడు, వచ్చీ రాగానే "స్కోరెంత?" అంటాడు. కబడ్డీలో అయితే ప్రతి కూతకూ స్కోరు చెప్పేస్తాను. క్రికెట్‌లో ఓవరుకు రెండు సార్లయినా చెప్పాలి. వాలీబాల్‌లో ప్రతి పాయింటుకీ చెప్పాల్సిందే, పైగా సర్వీస్ ఎవరిదో కూడా. వింటున్నవాడికి విసుగొస్తుందేమో అని కొత్తవాళ్ళు భయపడతారు. స్కోరు ఎక్కువసార్లు చెప్పారని నాకు ఎవరూ ఉత్తరం రాయలేదు.

2002 డిసెంబర్‌లో 32వ జాతీయ క్రీడలు హైదరాబాద్‌లో, విశాఖలో జరిగాయి. అక్కడ స్టేడియం అనౌన్సర్లలో ఒకడిగా పనిచేశాను. ఇది కామెంటరీ కాదు. ముందున్నవాళ్ళు ఆటను చూస్తూనే ఉన్నారు, వాళ్ళకు కావలసింది పేరు, రాష్ట్రం, ఫలితం. ఏ జట్టు వైపూ గొంతు మొగ్గకూడదు. పెద్ద స్టేడియంలో మన మాట అవతలి స్పీకర్లకు కొట్టుకుని కాసేపటికి మనకే తిరిగొస్తుంది. అది విని తడబడితే పని అయిపోయినట్టే. చిన్న వాక్యం చెప్పి, ఆగి, అది పూర్తిగా పోయాక రెండోది చెప్పాలి.

వార్తలకు ఫోన్లో రిపోర్టు ఇవ్వడం ఇంకో రకం. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టిన రోజు నేను మైదానంలోనే ఉన్నాను. మూడో స్థానంలో దింపారు. ఇండియా 356 కొట్టి 58 పరుగులతో గెలిచింది. జనం హోరులో ఫోన్ చెవికి ఆనించుకుని, ఇంకో చెవి వేలితో మూసుకుని, నిమిషంన్నరలో మొత్తం చెప్పాలి. నిమిషంన్నరలో ఇన్నింగ్స్ వర్ణించడం కుదరదు. మొదటి వాక్యంలో గెలుపు, రెండో వాక్యంలో ధోనీ, తర్వాత అంకెలు, ఆఖర్న ఒకే ఒక్క షాట్. ఏ షాట్ చెప్పాలో ఎంచుకోవడానికే ఎక్కువసేపు పట్టింది.

ఈలోగా కేబుల్ టీవీ వచ్చింది. టౌన్లలో లోకల్ ఛానళ్ళు పెట్టి జిల్లా కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు రికార్డు చేసి వేసేవాళ్ళు. ఒకే కెమెరా, అదీ పెళ్ళిళ్ళకు తిరిగే కెమెరానే. స్టూలు మీద కెమెరామన్, దాని కిందే బల్ల వేసుకుని నేను. రీప్లే లేదు, స్కోరు బోర్డు తెర మీద రాదు. అక్కడ మొదటి సీజన్లోనే కెమెరామన్ అన్న మాట నాకు పాఠ్యపుస్తకంలా పనికొచ్చింది. "మాస్టారూ, చెయ్యి చాపాడు, కాలు తీశాడు అన్నది నా కెమెరాలో కనబడుతూనే ఉంది. నా కెమెరాలో కనబడనిది చెప్పండి" అన్నాడు. కనబడనిది అంటే? ఈ కుర్రాడు ఏ ఊరివాడు, పోయినేడు మోకాలికి దెబ్బ తగిలి ఆడలేదు, వాళ్ళ కోచ్ ఇప్పుడు ఎందుకు టైమవుట్ అడిగాడు, వరసగా రెండు కూతల్లో పాయింటు రాక ఇది మూడో కూత కాబట్టి ఖాళీగా వస్తే ఎందుకు అవుటవుతాడు. రేడియోలో "అవతలి కార్నర్ వైపు వెళ్ళాడు, బాక్ లైన్ దాటాడు, కాలు చాపాడు, అందలేదు, ఇంకా పది సెకన్లు" అని చెప్పిన చోట టీవీలో "మూడో కూత. ఖాళీగా వస్తే అవుట్" అని ఊరుకోవాలి. మిగతాది చూసేవాళ్ళ కళ్ళకు వదిలేయాలి.

డబ్బుల సంగతి దాచడం ఎందుకు. ఆ రోజుల్లో ఒక కేబుల్ ఛానల్ వాళ్ళు సీజన్ మొత్తం చెప్పించుకుని పైసా ఇవ్వలేదు. రేడియో ఫీజు బస్సు ఛార్జీలకూ టిఫిన్లకూ సరిపోయేది. ఇల్లు నడిచింది స్కూలు జీతంతోనే. మా ఆవిడ ఓపిక లేకపోతే ఆదివారాలన్నీ గ్రౌండ్లలో గడపడం నాకు సాధ్యమయ్యేది కాదు. ఈ పని ఒక్కటే నమ్ముకుని వచ్చేవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోవాలి. సీజన్లు ఉంటాయి, సీజన్ల మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఎవరూ ఫోన్ చేయరు.

2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక పరిస్థితి మారింది. తెలుగు టైటాన్స్ జట్టు వచ్చింది, అందులో కూతకు వెళ్ళే రాహుల్ చౌదరి పేరు మా స్కూల్ పిల్లలందరి నోటా పలికింది. స్పోర్ట్స్ ఛానళ్ళు ప్రాంతీయ భాషల్లో కామెంటరీ మొదలుపెట్టాయి. 2018లో ఐపీఎల్ కూడా తెలుగులో వచ్చింది. ఆ అల మీదే నాకూ ఒక ఛానల్ నుంచి ఆడిషన్ పిలుపు వచ్చింది. ముంబైలో చల్లటి చిన్న గది, ఎదురుగా స్క్రీన్, చెవులకు హెడ్‌ఫోన్, పై పెదవికి ఆనించి మాట్లాడే మైక్. మ్యాచ్ ఇంకెక్కడో జరుగుతుంటుంది. మట్టి వాసన లేదు, జనం లేరు, వాళ్ళ హోరు హెడ్‌ఫోన్లోంచి వస్తుంది. ఇంకో చెవిలో ప్రొడ్యూసర్ మాట్లాడుతూనే ఉంటారు. "సార్, పది సెకన్లలో బ్రేక్", "రీప్లే వస్తోంది", "గ్రాఫిక్ చదవండి". మన నోరు ఒకటి చెబుతుంటే చెవి ఇంకొకటి వినాలి. దగ్గు వస్తే నొక్కడానికి ఒక బటన్ ఉంటుంది, దాని మీద వేలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.

పక్కన మాజీ ఆటగాడు ఎక్స్‌పర్ట్‌గా కూర్చుంటారు. కూత జరుగుతున్నంతసేపూ మాట నాది, రీప్లే పడ్డాక మాట ఆయనది. ఈ హద్దు ఇద్దరూ పాటిస్తే వినడానికి హాయిగా ఉంటుంది. ఎక్స్‌పర్ట్‌ను "ఎలా అనిపించింది?" అని అడిగితే "చాలా బాగుంది" అంటారు. "ఆ చెయిన్ ఎందుకు తెగింది అన్నా?" అని అడిగితే అసలు ఆట బయటికి వస్తుంది. చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు డిఫెండర్లలో ఎవరు ముందు కదలాలి, మడమ పట్టు ఎప్పుడు వేయాలి, ఇవి ఆడినవాడే చెప్పగలడు. అడగడం వరకే నా పని.

పేర్ల కోసం బాబాయ్ పద్ధతే వాడాను. హర్యానా కుర్రాళ్ళు, ఇరాన్ వాళ్ళు, తమిళనాడు వాళ్ళు. ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి పేరు ఎలా పలకాలో అనుమానం వస్తే జట్టువాళ్ళను అడిగించి, పలికింది ఫోన్లో రికార్డు చేయించుకుని, నడుస్తూ పదిసార్లు అనుకునేవాణ్ణి. నా నోటు పుస్తకంలో ఒక్కో జట్టుకూ రెండు పేజీలు ఉంటాయి. పేరు, ఊరు, కుడి చేతి వాటమా ఎడమ చేతి వాటమా, కూతకు ఏ వైపు నుంచి మొదలుపెడతాడు, ఇటీవలి గాయాలు. రాసుకున్నదాంట్లో పావు వంతు కూడా మ్యాచ్‌లో వాడను. అయినా అది లేకుండా కూర్చోను.

రేడియో, టీవీ తేడా పూర్తిగా పట్టుబడడానికి నేను ఒక మ్యాచ్‌ను చాలాసార్లు వాడాను. 2017 ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ ఫైనల్, మన పి.వి. సింధు, జపాన్ ఒకుహారా. గంటా యాభై నిమిషాలు ఆడారు. 19-21, 22-20, 20-22. సింధు ఓడిపోయింది గానీ రెండో గేమ్ ఆఖర్లో, 21-20 దగ్గర, 73 షాట్ల ర్యాలీ ఒకటి నడిచింది. ఆ పాయింట్ సింధు గెలిచింది. రికార్డింగ్ పెట్టుకుని, సౌండ్ తీసేసి, ఆ ర్యాలీని ముందు రేడియోకి చెప్పినట్టు చెప్పాను. ప్రతి షాటూ చెప్పడం మనిషి నోటికి సాధ్యం కాదు. షటిల్ నోటి కంటే వేగంగా పోతుంది. అందుకని ఇద్దరూ కోర్టులో ఎక్కడున్నారో పట్టుకుని, ఎవరు వెనక్కి పోతున్నారు, ఎవరు వంగుతున్నారు, ఊపిరి ఎలా ఉంది అని చెబుతూ, మధ్యమధ్యలో "ఇంకా నడుస్తోంది" అంటూ మోసుకొచ్చాను. తర్వాత అదే ర్యాలీని టీవీకి చెప్పాను. మొదట్లో ఒకే మాట, "గేమ్ పాయింట్." అంతే, 73 షాట్లూ నోరు మూసుకోవాలి. షటిల్ కింద పడ్డాక కూడా కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ చప్పట్లు మన మాట కంటే విలువైనవి. ఆ మౌనం పాటించడం నాకు రేడియో వర్ణన కంటే కష్టమనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

గొంతు గురించి నన్ను ఎక్కువమంది అడుగుతారు. మిరియాల పాలు, తేనె లాంటివి అందరూ చెప్పేవే, నేనూ తాగుతాను. నాకు నిజంగా పనిచేసింది మాత్రం మంచినీళ్ళు, నిద్ర, మ్యాచ్ ముందురోజు గట్టిగా మాట్లాడకపోవడం. అరవాల్సిన చోట గొంతులోంచి కాకుండా కడుపులోంచి ఊపిరి తీసుకుని అరవాలి. ముఖ్యంగా మొదటి కూతకే గొంతు ఆకాశానికి లేపితే ఆఖరి నిమిషంలో సూపర్ టాకిల్ (ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలిన డిఫెండర్లు కూతకు వచ్చినవాణ్ణి పట్టేయడం) పడ్డప్పుడు ఇంక పైకి వెళ్ళడానికి చోటు ఉండదు.

ఈమధ్య లైవ్ కామెంటరీలు చెబుతున్న కుర్రాళ్ళలో మంచి గొంతులు చాలా ఉన్నాయి. నాకు నచ్చనిది ఒక్కటే. పెద్ద లీగ్ అయితే ఆటగాడి జాతకం మొత్తం చదువుకుని వస్తారు, ఊరి టోర్నమెంట్ అయితే "ఎర్ర జెర్సీ కుర్రాడు" అంటారు. ఆ కుర్రాడికీ ఒక పేరుంది, వాళ్ళమ్మ ఫోన్లో ఆ లైవ్ చూస్తూ ఉంటుంది. 2023 ప్రో కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్ అనే ఆటగాణ్ణి తెలుగు టైటాన్స్ 2.605 కోట్ల రూపాయలకు కొన్నారు. అతనికీ మొదట్లో ఎక్కడో ఎవరో మైకులో పేరు సరిగ్గా పలికి ఉంటారు.

సాధన ఎలా చేయాలంటే, మ్యాచ్ సౌండ్ తీసేసి పది నిమిషాలు చెప్పి ఫోన్లో రికార్డు చేసుకోమంటాను. వెంటనే వినొద్దు, మర్నాడు వినాలి. కళ్ళు మూసుకుని వింటూ, స్కోరు ఎన్నిసార్లు వచ్చిందో, ఎవరి పేరు అసలు రాలేదో, "అద్భుతం" అన్న మాట ఎన్నిసార్లు పడిందో కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. ఆ తర్వాత అదే పది నిమిషాలు టీవీకి చెప్పినట్టు, సగం మాటలతో చెప్పాలి. మా స్కూల్లో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఒకమ్మాయి ఇలాగే సాధన చేస్తోంది. తను ఎంచుకున్నది ఖోఖో. కూర్చున్నవాళ్ళు లేస్తుంటారు, తరిమేవాళ్ళు మారిపోతుంటారు, చెప్పడానికి చాలా కష్టమైన ఆట. 2022లో అల్టిమేట్ ఖోఖో తొలి సీజన్ ఫైనల్లో తెలుగు యోధాస్ ఒడిశా జగ్గర్‌నాట్స్ చేతిలో 45-46తో, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్ ఆఖరి నిమిషాలను ఆ అమ్మాయి రేడియోకి ఒకసారి, టీవీకి ఒకసారి చెప్పి నాకు పంపింది. రేడియోది బాగా వచ్చింది. టీవీదాంట్లో ఇంకొంచెం ఆగాలని చెప్పాను. వచ్చే నెల మా మండల పోటీలకు మైక్ తనకే ఇస్తున్నాం, జట్ల పేర్ల జాబితా అప్పుడే అడిగి తీసుకుంది.